కాఫీయా, టీయా

బిర్తె క్రోస్‌గోర్ ముప్పై నాలుగేళ్ళుగా మా ఊరు లెమ్విగ్‌లో పరాయి దేశాల నుంచి వచ్చినవాళ్ళకి డేనిష్ నేర్పుతోంది. చేపల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు, పందుల ఫారాల్లో ఉండేవాళ్ళు, మా ఊరి మగవాళ్ళని కట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు, అందరికీ మాట వచ్చింది ఆమె చేతి మీదుగానే. ఆమె తరగతిలో పుస్తకాల కంటే కుర్చీలకే పని ఎక్కువ. కుర్చీలు వరసగా వేసి, ఒక్కొక్కరి చేతికి ఒక్కో మాట రాసిన కాగితం ఇచ్చి కూర్చోబెడుతుంది. డేనిష్ వాక్యంలో క్రియది ఎప్పుడూ రెండో చోటే, అందుకని క్రియ పట్టుకున్నవాడు రెండో కుర్చీ వదలడానికి వీల్లేదు. ‘రేపు’ వచ్చి మొదటి కుర్చీ ఆక్రమిస్తే ‘నేను’ లేచి క్రియ వెనక్కి పోవలసిందే. గండుపిల్లుల్లాంటి మగవాళ్ళు కాగితాలు పట్టుకుని ఒకరినొకరు నెట్టుకుంటుంటే ఆమెకి మహా సరదా.

ఆమెలో ఒకటే లోపం, ఓపిక లేదు. అది ఆమె ఒక్కదాని లోపం కాదు, మా వాళ్ళందరిదీ. ఎదుటివాడు మాట కోసం తడుముకుంటుంటే చూడలేం. వెంటనే ఇంగ్లీషులోకి దూకేస్తాం, లేకపోతే రెండు మాటలు ముందు పెట్టి ఏదో ఒకటి తీసుకోమంటాం. పైగా అది మా మంచితనం అనుకుంటాం. బిర్తె ఇంగ్లీషు జోలికి పోదు కాబట్టి ఆమెది రెండో రకం మంచితనం. బస్సులో వచ్చావా, సైకిల్ మీద వచ్చావా? చేపలు ఇష్టమా, మాంసం ఇష్టమా? వాళ్ళు ఒక ముక్క తిరిగి అప్పజెప్పేవారు, ఆమె నవ్వి పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళేది.

ఆమె భర్త ఆక్సెల్ పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి పడిపోయాడు. నడక తిరిగి వచ్చింది, చెయ్యి సగం వచ్చింది, మాట మాత్రం రాలేదు. ఎవరైనా ఒక మాట అందిస్తే దాన్ని పట్టుకుని పలకగలడు, అంతే. బిర్తె ఇంట్లోనూ బడి పద్ధతే పెట్టింది. పొద్దున్నే “కాఫీయా, టీయా?” అని అడిగేది. “టీ,” అనేవాడు. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో టీని జబ్బు మనుషుల నీళ్ళని వెక్కిరించిన మనిషి! జబ్బు చేస్తే నాలుకే మారిపోతుందట అని ఆమె ఇరుగుపొరుగుకి చెప్పుకునేది.

ఇక మిగిలింది పడవ. ఆక్సెల్ సొంత చేతులతో కట్టుకున్న చిన్న చెక్క పడవ. ప్రతి మే నెలలో పొడుగు ముక్కు చేపలు ఊరి పక్క సముద్రపు పాయ ఫ్యోర్డులోకి రాగానే అతను అందులో వెళ్ళేవాడు. ఇప్పుడది రెండు వేసవులుగా పెరట్లో టార్పాలిన్ కింద పడి ఉంది. చెక్క ఎండి పగుళ్ళు ఇస్తోంది. పక్క ఊరు స్ట్రూయర్ నుంచి ఒకాయన కొంటానన్నాడు. ఉంచుదామా, అమ్మేద్దామా అని బిర్తె అడిగితే ఆక్సెల్ “అమ్మేద్దాం,” అన్నాడు. అన్యాయం జరగకూడదని మూడు వేర్వేరు రోజుల్లో అడిగింది. మూడుసార్లూ అదే జవాబు. శనివారం పొద్దున్న పదింటికి ట్రెయిలర్ తెచ్చి పట్టుకుపొమ్మని ఆయనకి మాటిచ్చేసింది.

దానికి రెండు రోజుల ముందు, గురువారం, తరగతిలో దోయినా పుట్టినరోజు. ఆమె రొమేనియా మనిషి, ఫ్యాక్టరీలో హెర్రింగ్ చేపలు శుభ్రం చేస్తుంది. మా దగ్గర పుట్టినరోజు ఎవరిదైతే కేకు వాళ్ళే తేవాలి. అది తెలుసుకున్న దోయినా క్రీమూ స్ట్రాబెరీలూ పెట్టిన మూడంతస్తుల కేకు తెచ్చి, పక్కన చిన్న కాగితపు జెండాలు గుచ్చింది. కేకు ఓ పక్కకి ఒరిగిపోయి ఉంది. అలాంటి కేకు పెట్టుకుని ఏ దుకాణం వాడూ బతకలేడు. బిర్తె ముచ్చటపడి, ఇంట్లో చేశావా, కొన్నావా అని అడిగింది.

“కొన్నాను,” అంది దోయినా.

అందరూ కేకు వంక చూశారు. అబద్ధం ఎందుకమ్మా అని బిర్తె నవ్వుతూ నిలదీసింది. దోయినా ముఖం ఎర్రబడింది. ఈ దేశంలో టీచర్లని పేరు పెట్టి పిలవాలని ఎంత చెప్పినా ఆమెకి నోరు రాదు.

“అబద్ధం కాదు టీచర్ గారూ. మీరు అలా రెండు చెప్తే నాకు మొదటిది నిలవదు. చివర్న వినబడిందే చెప్పేస్తాను. మీరు నవ్వేసి వెళ్ళిపోతారు.”

తరగతంతా ఘొల్లుమంది. తామూ అంతేనని మరో ఇద్దరు ఒప్పుకున్నారు. బిర్తె కూడా నవ్వింది. కానీ నోటి దాకా వెళ్ళిన కేకు ముక్క మళ్ళీ పళ్ళెంలోకి దిగింది.

ఇంటికి వచ్చి కోటు కూడా విప్పకుండా వంటింట్లోకి నడిచింది. ఆక్సెల్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

“టీయా, కాఫీయా?”

“కాఫీ,” అన్నాడు ఆక్సెల్.

 ఆమె పడవ సంగతి కూడా అడిగింది, అమ్మేద్దామా, ఉంచుదామా అని. “ఉంచుదాం,” అన్నాడు.

బిర్తె కుర్చీలో కూలబడింది. రెండేళ్ళు. ఏడు వందల టీలు. తను తాగేది టీ కాబట్టి దాన్ని చివర్న పెట్టింది. పడవ కనబడితే తనకి ఏడుపొస్తుంది కాబట్టి అమ్మకాన్ని చివర్న పెట్టింది. కావాలని చేయలేదు, కానీ చేసింది. తన కోరికలన్నీ అతని నోటితో పలికించి, ఎంత బాగా చూసుకుంటున్నానో అని మురిసిపోయింది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

కాసేపటికి లేచి చిక్కగా కాఫీ పెట్టి అతని ముందు ఉంచింది.

“ఆక్సెల్, పడవని ఏం చేద్దాం?”

అని నోరు మూసుకుంది. అలా మూసుకోవడం ఆమె జీవితంలో మొదటిసారి కావచ్చు. ఆక్సెల్ పెదవులు కదిలాయి, ఆగాయి. మెడ నరాలు ఉబ్బాయి. ఆమె నాలుక మీదికి నాలుగు మాటలు వచ్చాయి, నాలుగూ మింగేసింది. స్కూలు బస్సు వీధిలోంచి వెళ్ళింది. కాఫీ మీద పొగ తగ్గింది. అతను బల్ల అంచు పట్టుకుని, కిటికీలోంచి టార్పాలిన్ వైపు చూసి, ఒక్కొక్కటే బయటికి లాగాడు.

“చుక్కాని... నువ్వు. నేను... కూర్చుంటా... ముందు.”

అమ్మడమూ కాదు, అలా ఉంచెయ్యడమూ కాదు. ఇది ఆమె ఎప్పుడూ అడగని జవాబు. స్ట్రూయర్ ఆయనకి ఇప్పుడే ఫోన్ చేసి క్షమించమనాలి, ఇచ్చిన మాట తప్పినందుకు నాలుగు తిట్లు తినాలి. తినొచ్చు, ఏం పోయింది. బిర్తె కళ్ళు తుడుచుకుంది.

“నలభై ఏళ్ళుగా ఒడ్డున నిలబడి చెయ్యి ఊపడమే గానీ నాకు పడవ నడపడం ఎక్కడొచ్చు ముసలాడా?”

ఈసారి ఆక్సెల్ తడుముకోలేదు.

“నేర్పుతా,” అన్నాడు.