నాలుగు కంప్యూటర్లకు ఒకే అడ్రస్

అన్ని జీవుల లోపలా వెలుపలా నిండి ఉన్న శ్రీమన్నారాయణునికి ముందుగా నమస్కారం. నాకు వచ్చిన నాలుగు అక్షరాలూ ఆయన పెట్టిన భిక్షే.

చిక్కబళ్లాపురంలో కంప్యూటర్ కోర్సు ముగించి, రెండు వేల ఏడు ప్రాంతంలో బాగేపల్లిలో ఒక బ్రౌజింగ్ సెంటర్‌లో పనికి చేరాను. యజమాని మా భజన మందిరంలో తాళాలు వాయించే పెద్దాయన. ఉన్నవి నాలుగు కంప్యూటర్లు. ఫోన్ తీగ వెంట వచ్చే ఇంటర్నెట్‌ను మోడెం అందుకుంటుంది. స్విచ్ అనే చిన్న పెట్టె దాన్ని నాలుగింటికీ పంచుతుంది. ఏది ఎవరికి చేరాలో తెలియడానికి ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో నంబరు ఉంటుంది. అదే ఐపీ అడ్రస్. దాని చివరి భాగం ఒక్కోదానికి వేరుగా ఉండాలి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం దగ్గరి పల్లె మిట్టేమరి నుంచి ఒక రైతు తన కూతురిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ అమ్మాయి నర్సింగ్ చదివింది. సాయంత్రం అయిదు లోపల సర్టిఫికెట్లు ఈమెయిల్‌లో అందితేనే ఇంటర్వ్యూకు పిలుస్తామని బెంగళూరులో ఒక ఆసుపత్రి వాళ్లు చెప్పారట. అన్నీ స్కాన్ చేసి మెయిల్ తెరవబోతే నెట్ రాలేదు. ఈ అడ్రస్‌ను ఇంకో కంప్యూటర్ వాడుతోందని తెర మూలన హెచ్చరిక కనిపించింది.

"పొద్దున ఏమన్నా మార్చినారా అప్పా?" అని యజమానిని అడిగాను.

"చెడ్డపనేమీ చేయలేదమ్మా. పూజ అయినాక అన్నిటికీ కడాన నూటఎనిమిది పెట్టినా. బిగించిపోయినాయన రెండు, మూడు అని పెట్టినాడు. అవేం నంబర్లు?"

"నాలుగింటికీ ఒకటేనా?"

"అందరూ ఒకే నామం పలికితే దేవుడు వింటాండాడు గదా, ఈ డబ్బాకేం రోగం?"

"ఎవరి గొంతు ఎవరిదో దేవునికి తెలుసప్పా. దీనికి నంబరు తప్ప ఏమీ తెలీదు. నాలుగిండ్లకు ఒకే డోర్ నంబరుంటే పోస్టు యాడ ఇస్తారు?"

రైతు గోడ గడియారం వైపు చూస్తూ, "భజన సాయంత్రం పెట్టుకోండప్పా, ముందు నా బిడ్డ కాగితాలు పోనీండి" అన్నాడు.

యజమాని కుర్చీ జరిపి నాకు చోటిచ్చాడు. తర్వాత, "సరేమ్మా. నూటఎనిమిది ఆ పాపకే ఉండనీ. తక్కినవి నూటతొమ్మిది, నూటపది అని వెనక నడవనీ, పల్లకీ వెనక పోయినట్టు" అన్నాడు.

నంబర్లు మార్చాను. నెట్ వచ్చింది. ఫైళ్లు మెల్లగా ఎక్కాయి. అయిదుకు కొంచెం ముందు మెయిల్ వెళ్లినట్టు తెర మీద పడింది. ఆ అమ్మాయి దాన్ని మళ్లీ మళ్లీ చదువుకుంది.

ఉద్యోగం వచ్చిందో లేదో నాకు తెలియదు. వాళ్లు మళ్లీ మా సెంటర్‌కు రాలేదు. జవాబు కోసం ఎదురుచూసే అలాంటి బిడ్డలు ఈ రోజూ ఎందరో ఉంటారు. చదువుతున్న మీరు కూడా ఒక్క క్షణం కళ్లు మూసుకొని, వాళ్లను చల్లగా చూడమని నాతోపాటు ఆ స్వామిని వేడుకోండి.