డ్రాప్ ఆర్మ్ మీద కొత్త రంగు

1986 జూలైలో నన్ను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా భద్రాచలం అటవీ సరిహద్దుకు వేశారు. ఆ పోస్టు ఎవరూ కోరుకునేవారు కాదు, నేనూ కోరుకోలేదు. జనం మమ్మల్ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు అనేవారు. బండిని నాలుగు గజాలు పరుగెత్తించి బ్రేకు తొక్కించడమే మా పని అని వాళ్ల నమ్మకం. కొన్నాళ్లకు మేమూ అదే నమ్మాం.

దుమ్ముగూడెం అవతలి అడవి ఊళ్లకు అప్పట్లో బస్సు పోయేది కాదు. సంతకు రావాలన్నా, జ్వరమొస్తే దవాఖానాకు రావాలన్నా కిరాయి జీపే దిక్కు. దారిలో వాగులు దాటాలి. నీళ్లు ఇంజనుకు తగలకుండా ఆ జీపుల్ని పైకి లేపేవారు. యాక్సిల్‌కూ, బండి బరువు మోసే కమాన్ పట్టీలకూ మధ్య ఇనుప దిమ్మలు పెట్టి పొడుగు బోల్టులతో బిగిస్తే బండి నాలుగైదు అంగుళాలు లేస్తుంది.

చిక్కంతా స్టీరింగుతో వస్తుంది. స్టీరింగ్ పెట్టె నుంచి కిందికి వేలాడే ఇనుప చేతిని డ్రాప్ ఆర్మ్ అంటాం. దాని కొన నుంచి ఒక కడ్డీ చక్రాల వైపు పోతుంది. బాడీ లేస్తే పెట్టె కూడా లేస్తుంది, చక్రాలు మాత్రం కిందే ఉంటాయి. కడ్డీ ఏటవాలైపోయి, గుంతలో పడ్డప్పుడల్లా బండి తనంతట తానే పక్కకు లాగుతుంది. దీనికి సారపాక వైపు షెడ్లలో ఒక నాటుమందు కనిపెట్టారు. డ్రాప్ ఆర్మ్‌ను ఎర్రగా కాల్చి సుత్తితో కిందికి వంచేవారు. ఆ ఇనుము తయారైనచోట పద్ధతిగా కాచి గట్టిపరిచినది. కొలిమిలో పెట్టాక ఆ గట్టితనం ఉండదు.

సెప్టెంబరులో ముత్తయ్య అనే అతను తన జీపును ఎఫ్.సి.కి తెచ్చాడు. ఎఫ్.సి. అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఏటా మేమిచ్చే కాగితం. బండి ఎంత లేచి ఉందంటే, అతని వెంట వచ్చిన ముసలాయన ఎక్కడానికి ఇద్దరు చెయ్యివ్వాల్సి వచ్చింది. కుదరదు, దించి తెమ్మన్నాను.

“దించుతే వాగుల ఆగిపోతది సారూ. జ్వరపోళ్లను నడుమ నీళ్లల్ల కూసోబెట్టాలెనా?” అన్నాడు. గొంతు పెంచలేదు. నిజంగానే అడిగాడు.

రూలు రూలే అన్నాను. అప్పట్లో ఆ మాట నాకు భలే ఇష్టం.

నాలుగు రోజులకు దించి తెచ్చాడు. టేపు పెట్టి ఎత్తు కొలిచాను, సరిపోయింది. బ్రేకు తొక్కించాను, పట్టింది. కిందికి వంగి చూస్తే డ్రాప్ ఆర్మ్ నున్నగా, నల్లగా, కొత్త రంగుతో కనబడింది. పాత జీపులో ఆ ఒక్క భాగానికే ఎందుకు రంగేశారని అడగాలి. అడగలేదు. కొత్త ఆర్మ్ వేయించాడనుకున్నానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. నేనేమీ అనుకోలేదు. సంతకం పెట్టాను.

మూడు వారాల తర్వాత, ఒక పొద్దున, వాగులోకి దిగే మలుపులో ఆ జీపు గట్టు మీద నుంచి కింది బండల మీద పడింది. జ్వరంతో ఉన్న ఒక ఆడమనిషి, ఆమెను ఒళ్లో పడుకోబెట్టుకున్న చెల్లెలు చనిపోయారు. ముత్తయ్యకు భుజం ఎముక విరిగింది. నిర్లక్ష్యంగా నడిపాడని పోలీసులు కేసు రాశారు. స్టీరింగు తిప్పినా బండి తిరగలేదని అతను చెప్పిన మాట ఎవరూ వినలేదు.

ప్రమాదం జరిగిన బండిని పరీక్షించి, యంత్రలోపం ఉందా లేదా అని రాసివ్వడం ఇన్‌స్పెక్టరు విధి. అంటే నా విధి. పోయి చూస్తే డ్రాప్ ఆర్మ్ రెండు ముక్కలై ఉంది. విరిగినచోట ముప్పాతిక భాగం నల్లగా తుప్పు పట్టి ఉంది, అంచున సన్నగా ఒక చార మాత్రం తళతళలాడుతోంది. ఇందులో దాపరికమేమీ ఉండదు. నల్లనిది పాత పగులు, మెరిసేది ఆ రోజు విరిగింది. రంగు గీకితే సుత్తి దెబ్బలు ఆర్మ్‌కు రెండు వైపులా కనబడ్డాయి. బండిని లేపినప్పుడు కాల్చి వంచారు. నేను దించమన్నాక మళ్లీ కాల్చి సాపు చేశారు. కొత్త ఆర్మ్ కావాలంటే బెజవాడ నుంచి తెప్పించాలి, అందాకా బండి నిలిచిపోతుంది.

నాకు భయమేసింది. చనిపోయినవాళ్ల గురించి కాదు, నా ఉద్యోగం గురించి.

రిపోర్టులో మూడు వాక్యాలు రాశాను. ఆర్మ్ ప్రమాదానికి ముందే పగిలి ఉంది. అనుమతి లేకుండా కాల్చి వంచడం వల్ల పగిలింది. పైన రంగు ఉండడం వల్ల పగులు కంటికి కనబడదు. మూడూ నిజాలే. బండిని దించమన్నది నేనేననీ, ఆర్మ్ మార్చారా అని అడగకుండా ఎఫ్.సి. ఇచ్చాననీ నాలుగో వాక్యం ఒకటి రాయాలి. కలం మూసి జేబులో పెట్టుకున్నాను.

దాంతో కేసు మలుపు తిరిగింది. దూకుడుగా నడిపాడన్న మాట పోయి, లోపం తెలిసీ బండి నడిపాడన్నది వచ్చింది. నేను సాక్షినై బోనెక్కాను. ఎఫ్.సి. ఎవరిచ్చారని అడిగారు, నేనేనన్నాను. పగులు కనబడే వీలుందా అని అడిగారు, లేదన్నాను. ముత్తయ్యకు ఏడాది శిక్ష పడింది.

బయట వరండాలో అతన్ని నా పక్క నుంచే తీసుకుపోయారు. విరిగిన భుజం సరిగ్గా అతకలేదు, ఒక పక్కకు ఒరిగే ఉంది. “మీరు దించుమంటేనే దించిన గద సారూ,” అన్నాడు. తిట్టినా బాగుండేది. నేను ఫైలు తిరగేస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఏ లేపిన జీపు దించి తెచ్చినా కొత్తది వేయించి, పాత డ్రాప్ ఆర్మ్‌ను విప్పి తెమ్మనేవాణ్ణి. దాన్ని నా ఎదుటే రంపంతో రెండు ముక్కలు కోయించాకే సంతకం పెట్టేవాణ్ణి. చాదస్తం అని వెనక నవ్వుకునేవారు. ఒక మార్పును వెనక్కి తిప్పమని చెప్పినవాడు, అది ఎలా తిప్పారో కూడా చూడాలి. నేను నేర్చుకున్నది అంతే. నేర్చుకున్నాక కూడా ఆ నాలుగో వాక్యం ఎక్కడా రాసివ్వలేదు.