నాగరాణి విత్తనపు అల్లం

ముందే చెబుతున్నాను, నాగరాణి గురించి నెమ్మదిగా చెప్పడం నా వల్ల కాదు. ఆమెకు జరిగింది తలచుకుంటేనే ఒళ్ళు మండుతుంది.

కోహీర్ దగ్గర ఎర్రనేలలో ఆమె అల్లం పండిస్తుంది. న్యాల్‌కల్ నుంచి అత్తగారింటికి వచ్చేనాడు ఒడిబియ్యంతో పాటు తల్లి విత్తనపు అల్లం కూడా మూటగట్టి ఇచ్చింది. తల్లి పోయింది. ఆ అల్లం మాత్రం ఏటేటా మొలుస్తూనే ఉంది. పంటంతా అమ్మినా, విత్తనానికని వదిలిన ఒక్క మడిని ఆమె ఎవరినీ ముట్టనివ్వదు.

భర్త రామ్‌కిషన్ చెడ్డవాడు కాదు. చేతిలో ఫోనుంది, అంతే. విమానాల వెనక కనబడే తెల్ల గీతలు విషపు మందని, పంటలను చంపడానికే చల్లుతున్నారని ఏదో వీడియోలో చూశాడు. బడిలో సైన్సు చెప్పేవాణ్ణి కదా, కూర్చోబెట్టి చెప్పాను. ఇంజను వదిలే ఆవిరి అంత ఎత్తున ఉండే చలికి మంచు పలుకులై గీతలా కనబడుతుంది. పైన గాలి పొడిగా ఉంటే గీత కాసేపటికే మాయమవుతుంది, తేమగా ఉంటే నిలిచి పరుచుకుంటుంది.

"సార్, మీరు పుస్తకంల చదివిన్రు, నేను కండ్లతోటి చూసిన. గీత నిలవడ్డంక వానొస్తది, వానొచ్చినంక అల్లం కుళ్తది," అన్నాడు.

చూసింది నిజమే! పైన తేమ చేరితే వాన పడే అవకాశం ఎక్కువ. చేలో నీళ్ళు నిలిస్తే అల్లానికి దుంపకుళ్ళు వస్తుంది. ఇందులో విషం ఎక్కడుంది? ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖమూదినట్టే అయింది.

భాద్రపదంలో ముసురు విడిచాక గీతలు మళ్ళీ కనబడ్డాయి. అప్పుడు నాగరాణి జహీరాబాద్ దవాఖానలో అక్కకు తోడుగా ఉంది. తడిసి ముద్దయిన విత్తనపు మడి మీద రామ్‌కిషన్ టార్పాలిన్ కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టాడు. భార్యకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు, మహానుభావుడు! రెండు వారాలకు ఆమె తిరిగొచ్చేదాకా తీయలేదు. ఆమె వచ్చి లాగేసరికి మొక్కలు పసుపురంగుకు తిరిగి వాలిపోయి ఉన్నాయి. తవ్వితే దుంపలు చేతిలోనే చితికిపోయాయి.

"చూసినవా? అంత ఆ మందే!" అని అతను ఫోను తీసి వీడియో పట్టాడు.

"విమానం గాదు, నువ్వే చంపినవ్! ఊపిరాడకుంట కప్పిపెట్టి మా అమ్మ విత్తనాన్ని చంపినవ్!" అని ఆమె గుండెలు బాదుకుంది.

ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు వీడియోలోంచి ఆమె మాటలు కోసేశాడు. కుళ్ళిన అల్లం ఒక్కటే ఊరంతా చూసింది.

మర్నాడు పొద్దున్నే పక్క చేలో బస్వరాజ్ కూడా టార్పాలిన్ పరవడం మొదలుపెట్టాడు. నాగరాణి పరుగెత్తి వెళ్ళి దాన్ని పీకబోయింది. కేకలు విని నేనూ వెళ్ళాను.

"ఏందొదినా, నీది పోయిందని నాది గూడ పోవాల్నా?" అంటున్నాడు బస్వరాజ్.

"నీదా? పోయినేడు నేనిచ్చిన విత్తనం గాదా ఇది? ఇగ మా అమ్మది మిగిలింది గీ మడిలనే!"

అతను తన కొస వదల్లేదు. ఆమె తన కొస వదల్లేదు. నాకు చెప్పి చెప్పి నోరు నొచ్చింది. గట్టు దిగి, ఆమె పక్కన నిలబడి, నేనూ ఆ టార్పాలిన్ పట్టుకొని లాగాను.