ఇరవై డిగ్రీలు పక్కకు పోయిన గాలి

1987 జులైలో నన్ను విశాఖపట్నం నుంచి హైదరాబాదుకు బదిలీ చేశారు. హోదా సైంటిఫిక్ అసిస్టెంట్. పంజాగుట్టలో ఒక అద్దె భవనం రెండో అంతస్తులో మా వాతావరణ శాఖకు చిన్న తనిఖీ విభాగం ఉండేది. కేంద్రాల నుంచి వచ్చిన వాతావరణ రికార్డులను ఒక్కొక్కటే చూసి, తప్పులున్నవాటిని వేరుచేసి, మిగతావాటిని కంప్యూటర్ టేపు మీదికి ఎక్కించడానికి పంపడం మా పని.

ఆ ఏడాది ఈ పనికి హఠాత్తుగా ప్రాధాన్యం వచ్చింది. గడిచిపోయిన సంవత్సరాల వాతావరణాన్ని మొదటి నుంచీ ఒకే లెక్కల పద్ధతితో మళ్లీ గీయాలని పైవాళ్లు అనుకున్నారు. దాన్ని పునర్విశ్లేషణ అంటారని తర్వాత తెలిసింది. ఏ రోజు ఏ ఎత్తున గాలి ఎటు వీచిందో కంప్యూటరు మళ్లీ లెక్కగట్టాలంటే దానికి పాత పరిశీలనలే ఆధారం. అందులో ఒక కేంద్రం తప్పు చెబితే చుట్టుపక్కల పటమంతా వంకర పోతుంది. అందుకని మాకు గట్టిగా చెప్పారు: అనుమానం ఉన్నది ఏదీ టేపు ఎక్కకూడదని.

నా వంతుకు వచ్చిన రికార్డుల్లో అమీర్‌పేట గాలి కేంద్రం ఒకటి. మా ఆఫీసుకు నడిచి వెళ్లేంత దూరంలో, ఒక పాత మేడ పైన ఉండేది. అక్కడ రోజూ హైడ్రోజన్ నింపిన బెలూన్ వదిలి, థియోడొలైట్ అనే దుర్భిణిలో దాన్ని నిమిషనిమిషానికీ చూస్తూ కోణాలు రాసుకుంటారు. ఆ కోణాల నుంచి పైగాలి దిక్కు, వేగం తేలుతాయి. ఉదయం అయిదున్నరకు ఒకటి, పగలు పదకొండున్నరకు ఒకటి వదిలేవారు.

ఆ రిజిస్టర్లలో 1984 చివరి నుంచి ఉదయం గాలులు సరిగా లేవు. పక్క కేంద్రాలతో పోల్చినా, అదే రోజు పగటి బెలూన్‌తో పోల్చినా, ప్రతి ఎత్తులోనూ దిక్కు ఇరవై డిగ్రీలు ఎక్కువగా పడుతోంది. వేగం మాత్రం సరిగ్గానే ఉంది. పరికరం చెడిపోయిందనుకుందామంటే పగలు వాడేదీ అదే పరికరం. పైగా మే నుంచి జులై దాకా ఈ తేడా మాయమై, ఆగస్టు నుంచి మళ్లీ కనిపించేది. బంజారాహిల్స్ గుట్టల మీది నుంచి చలికాలం తెల్లవారుజామున చల్లగాలి దిగుతుందేమో, ఇది తప్పు కాక నిజమైన గాలేనేమో అని కూడా ఆలోచించాను. అయితే అది కింది పొరలోనే ఉండాలి. మూడు కిలోమీటర్ల ఎత్తున కూడా అదే ఇరవై డిగ్రీలు ఎందుకుంటుంది? రెండు వారాలు గ్రాఫు కాగితాలు నింపాను. ఎటు నుంచి చూసినా అర్థం కాలేదు.

చివరికి డ్యూటీ చార్టు తెప్పించాను. ఉదయం పరిశీలనలన్నీ యాదగిరి అనే అబ్జర్వర్ చేసేవాడు. అతను సెలవు పెట్టిన రోజుల్లో ప్రకాశరావు చేసేవాడు. ప్రకాశరావు చేసిన ఉదయాల్లో తేడా లేదు. ఒక్క రోజు కూడా లేదు.

ఇక ఆలోచించడానికి ఏమీ లేదనుకున్నాను. తప్పు మనిషిది. ఆ మేరకు నోట్ రాశాను: యాదగిరి చేసిన ఉదయం పరిశీలనలు నమ్మదగినవి కావు, మూడేళ్లవీ తీసేయాలి. మా విభాగాధికారి హబీబుద్దీన్ గారిని అందరం హబీబ్ సాబ్ అనేవాళ్లం. ఆయన సంతకం చేశారు. వారం తిరక్కుండా యాదగిరికి సంజాయిషీ మెమో వెళ్లింది. ఆ ఏడాది సీనియర్ అబ్జర్వర్ ప్రమోషన్ జాబితాలో అతని పేరు ముందుందని, మెమో ఉన్నవాళ్ల పేర్లు కమిటీ పక్కన పెడుతుందని నాకప్పుడు తెలియదు.

డిసెంబరు మొదటివారంలో అతనే మా ఆఫీసుకు వచ్చాడు. యాభై దగ్గర పడిన మనిషి, స్వెటర్ మీద మఫ్లర్. మెమో కాగితం నా బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడం, ఏడేండ్ల సంది పొద్దుగాల డ్యూటీ నేనే జేస్తున్న. దీపం మీద పెట్టి, అంకె కలిపి, బెలూన్ ఇడుస్త. గిండ్ల నేను ఏం తప్పు జేసిన్నో నాకే సమజైతలేదు. జర చూపెట్టుండ్రి, దిద్దుకుంట."

గ్రాఫులు చూపించాను. చాలాసేపు చూశాడు. ప్రకాశరావు రోజులకు నేను పెట్టిన చుక్కలన్నీ పక్క కేంద్రాల గీత మీదే ఉన్నాయి. అతనివి పైన వేరే గీతగా ఉన్నాయి.

"ఆయనవి మంచిగనే ఉన్నయి. నావి సుత గట్లనే జేసిన మేడం," అన్నాడు మెల్లగా.

ఏడేళ్లుగా ఉదయం డ్యూటీయే ఎందుకని అడిగాను. భార్య ఎర్రగడ్డ ఆస్పత్రిలో పగటి పనికి పోతుందని, ఇంట్లో నడవలేని తల్లి ఉందని, తొమ్మిదింటికల్లా తాను ఇంటికి చేరాలని చెప్పాడు. మెమోకు ఏం రాయాలో నన్నే అడిగాడు. తప్పు చేసి దాచేవాడు తన గ్రాఫును అంత శ్రద్ధగా చూస్తాడా అన్న ప్రశ్న మాత్రం అతను వెళ్లాక కూడా వదల్లేదు.

హబీబ్ సాబ్‌తో ఆ మాటే చెప్పాను. ఆయన ఫైలు పక్కకు జరిపి, "నువ్వు ఆ మేడ ఎక్కి చూసినవా అమ్మా?" అన్నారు. లేదన్నాను. "నేను సుత చూడలే. చూడకుండనే సంతకం పెట్టిన. ఒక పొద్దుగాల పోయి చూడు," అన్నారు.

మరో రెండు రోజులకు మావారు నన్ను స్కూటర్ మీద శ్రీనగర్ కాలనీ నుంచి తీసుకొచ్చి అయిదింటికి అమీర్‌పేట మేడ దగ్గర దింపారు. యాదగిరి అప్పటికే బెలూన్ నింపుతున్నాడు. చీకట్లో బెలూన్ కనబడాలి కాబట్టి దాని కింద పొడవాటి దారానికి కాగితపు లాంతరు కట్టి, లోపల కొవ్వొత్తి వెలిగిస్తారు. దానికన్నా ముందు థియోడొలైట్‌కు దిక్కు చూపించాలి. ఉత్తరం ఎటుందో పరికరానికి తెలియదు. అందుకని దిక్కు ముందే కొలిచి ఉంచిన దూరపు గుర్తు ఒకదాని మీదికి దాన్ని తిప్పి, ఆ గుర్తు అంకెను పరికరం అడుగున డిగ్రీలు చెక్కిన పళ్లెం మీద కలపాలి. అమీర్‌పేట కేంద్రానికి ఆ గుర్తు నైరుతిలో గుట్ట మీది నీళ్ల ట్యాంకు. అంకె 225 డిగ్రీలు. చీకట్లో దాని పైనున్న ఎర్రదీపాన్ని చూసి పెట్టుకోవాలని పుస్తకంలో ఉంది.

యాదగిరి ఎర్రదీపం మీద పెట్టాడు. నన్ను చూడమన్నాడు. అద్దంలో అడ్డగీతలు కలిసేచోట ఎర్రచుక్క నిలకడగా ఉంది. అంకె 225కు కలిపాడు. బెలూన్ వదిలాడు. నలభై నిమిషాలు అతను కోణాలు చదువుతుంటే నేను రాశాను. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. నాకు అయోమయం ఇంకా పెరిగింది.

తెల్లవారాక, పళ్లెం కదపకుండా దుర్భిణిని మళ్లీ 225కు తిప్పమన్నాను. అద్దంలోంచి చూశాను. ట్యాంకు లేదు. పంజాగుట్టలో మూడు నాలుగేళ్ల కిందట లేచిన అపార్టుమెంటు పిట్టగోడ, దాని మీద ఇనపకడ్డీకి ఇంకా వెలుగుతున్న ఎర్రదీపం ఉన్నాయి. విమానాశ్రయం దగ్గర కావడంతో ఎత్తయిన కట్టడాలన్నిటికీ అలాంటి దీపం పెట్టేవారు. తల ఎత్తి చూస్తే ట్యాంకు దానికి కుడిపక్కన ఉంది. దాని దీపం ఆరిపోయి ఉంది. యాదగిరి దుర్భిణిని ట్యాంకు మీదికి తిప్పి అంకె చదివాడు. 245.

అతను మఫ్లర్ తీసి చేతిలో పట్టుకున్నాడు. "గా దీపం ట్యాంకుదే అనుకున్న మేడం. ఎన్నడు అనుమానం రాలే," అన్నాడు. వేసవిలో తేడా ఎందుకు పోయేదో కూడా అక్కడే తేలింది. ఆ నెలల్లో అయిదున్నరకు ముందే వెలుతురు వచ్చేది కాబట్టి అతను ట్యాంకునే చూసి పెట్టేవాడు.

చిక్కు విడిపోయిందని ఆఫీసుకు వచ్చి కూర్చున్నాక ఇంకో చిక్కు ఎదురైంది. ట్యాంకు దీపం వెలగడం లేదు. మరి చలికాలం చీకట్లో ప్రకాశరావు దిక్కు ఎలా సరిగ్గా పెట్టాడు?

జవాబు స్టాకు రిజిస్టరులో దొరికింది. ప్రతి చీకటి బెలూన్‌కూ ఒక లాంతరు ఖర్చు రాయాలి. యాదగిరి పనిచేసిన చలికాలపు ఉదయాలన్నిటికీ లాంతరు ఉంది. ప్రకాశరావు పనిచేసిన ఉదయాల్లో ఒక్కదానికీ లేదు. బెలూన్లు మాత్రం ఖర్చయ్యాయి.

ప్రకాశరావు మా కోస్తావాడే, గుంటూరు నుంచి వచ్చినవాడు. అంతకుముందు అతని నీటైన రిజిస్టర్లను నేనే మెచ్చుకున్నాను. పిలిచి అడిగాను.

"నేనుండేది ఊరి చివరండి. మొదటి బస్సు అందుకుని వచ్చేసరికి ఆరున్నర దాటేది. వెలుతుర్లో బెలూన్ వదిలి అయిదున్నర అని రాసేవాణ్ని. గంట తేడాకి గాలి ఏం మారిపోతుందిలే అనుకున్నాను," అన్నాడు. తర్వాత, "ఇందులో మీరు రాయకుండా ఉండటానికి ఏమైనా వీలుందాండీ?" అని అడిగాడు. లేదన్నాను. ఆ మాట చెప్పడం నాకు తేలిక కాలేదు. అతన్ని ఆధారంగా పెట్టుకునే నేను యాదగిరిని తప్పుపట్టాను.

పాత నోట్ రద్దు చేసి కొత్తది రాశాను. యాదగిరి పరిశీలనల్లో సమయం నిజం, పద్ధతి నిజం, దిక్కు మాత్రం తప్పు, అయితే ఎంత తప్పో తెలుసు. చీకట్లో చేసినవాటికి ఇరవై డిగ్రీలు తగ్గిస్తే వాడుకోవచ్చు. ప్రకాశరావు చలికాలపు ఉదయాల్లో దిక్కు సరైనదే, సమయం అబద్ధం. అవి తీసేయాలి. హబీబ్ సాబ్ ఈసారి తానే మేడ ఎక్కి చూసొచ్చి సంతకం చేశారు.

ట్యాంకు దీపం ఏ రోజు ఆరిందో మాత్రం తేలలేదు. ట్యాంకు చూసేవాళ్ల దగ్గర రాత లేదు. అపార్టుమెంటు దీపం ఎప్పుడు పెట్టారో కట్టినవాళ్లకు గుర్తు లేదు. 1984 చివర్లో కొన్ని వారాలు ఒకరోజు దిక్కు సరిగ్గా, ఒకరోజు తప్పుగా ఉంది. కొన్ని రోజులు గాలే ఎటూకాకుండా వీచింది. వాటిని ఎన్నిసార్లు చూసినా సరైనవో కావో చెప్పలేకపోయాను. వాటి పక్కన సందేహాస్పదం అనే గుర్తు పెట్టి, టేపుకు పంపకుండా విడిగా ఉంచాను.

యాదగిరి మెమో వెనక్కి తీసుకున్నారు. కానీ ప్రమోషన్ కమిటీ అప్పటికే కూర్చుని లేచింది. అతని పేరు మరుసటి ఏడాది జాబితాలో వచ్చింది. ఒక ఏడాది సీనియారిటీ పోయింది. నన్ను నిష్ఠూరమాడలేదు, నేను క్షమాపణ చెబితే "పోనియ్యుండ్రి మేడం" అన్నాడంతే. ప్రకాశరావుకు హెచ్చరిక ఇచ్చి వేరే జిల్లాకు మార్చారు. నాకేమీ కాలేదు. తొందరపడి రాసిన నోట్‌కు మా శాఖలో మెమో ఉండేది కాదు.

తర్వాత ఇరవై ఏళ్లు అదే పనిలో ఉన్నాను. తేడాగా కనబడే అంకెను అనుమానించడం ఎవరికైనా వస్తుంది. దాన్ని తప్పని చెప్పడానికి మనం ఆధారంగా పెట్టుకున్న అంకె ఎలా వచ్చిందో కూడా అంతే గట్టిగా అడగాలని ఆ డిసెంబరులో నేర్చుకున్నాను. అడిగిన తర్వాత కూడా తేలనివి కొన్ని ఉంటాయి. వాటికి తెలియదు అని రాయడం కూడా తనిఖీలో భాగమే.