బొమ్మ కింద వెలిగిన లైటు

మాచర్లలో గురజాల రోడ్డు మీద, నాపరాళ్ల డిపో పక్కన ఉన్న రేకుల షెడ్డు సుభానీది. నలభై ఆరేళ్ల మనిషి. పాత పికప్ బండ్లు బాగుచేయడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. మాట మాత్రం పెళుసు. బండి తెచ్చినవాళ్లను బొత్తిగా నమ్మడు. మీటరు బోర్డులో ఇంజన్ బొమ్మ లైటు రెండు నెలల నుంచి వెలుగుతున్నా, ఇవాళ పొద్దుటే వచ్చిందని చెబుతారని అతని కోపం. అందుకే స్కానర్ కొన్నాడు. అరచేతిలో పట్టే ఆ పెట్టెను స్టీరింగ్ కింద తగిలిస్తే ఏ భాగం చెడిందో కోడు నంబరు చూపిస్తుంది. లైటు వెలిగాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చూపిస్తుంది. ఆ రెండో అంకె ముఖాన పెట్టి పెద్దమనుషుల పరువు తీయడం సుభానీకి మహా సరదా.

సరదా వెనక ఒక సిగ్గు ఉంది. అది భార్య అబిదాకు తప్ప ఎవరికీ తెలియదు. పద్దెనిమిదేళ్ల వయసులో, పని నేర్చుకునే రోజుల్లో, ఒక ఊరి పెద్ద జీపు తెచ్చి బ్రేకు పైపు ఎవరో కోశారు కదా అని అడిగాడు. పైపు తుప్పు పట్టి పగిలింది, అంతే. కానీ అడిగినవాడి చేతిలో వేటకొడవలి ఉంది. సుభానీ తలూపాడు. ఆ సాయంత్రమే జీపు తోలే సైదులు కుడిచెయ్యి మణికట్టు దగ్గర తెగి రోడ్డు మీద పడింది. సైదులు ఇప్పుడు బస్టాండు పక్కన ఒంటిచేత్తో టీ కొట్టు నడుపుతున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా సుభానీ ఆ కొట్టు ముందు నుంచే షెడ్డుకు వెళుతున్నాడు. ఒక్కరోజూ ఆగలేదు. ఆగడానికి ముఖం చెల్లలేదు.

జూన్ నెలాఖరులో ఒక ఉదయం, మిరప రైతు, ముఠా తగాదాల మనిషి పున్నారావు తన పాత పికప్‌ను ట్రాక్టరుకు కట్టి షెడ్డులోకి లాక్కొచ్చాడు. వెంట ముగ్గురు మనుషులు. పికప్ వెనక తొట్టిలో, చేతులు విరిచి కట్టేసిన డ్రైవర్ ఇశ్రాయేలు బోర్లా పడి ఉన్నాడు. వయసు ఇరవై నాలుగు దాటదు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, నోట్లోంచి నెత్తురు కారి రేకు మీద గడ్డకట్టింది.

జరిగింది సుభానీకే కాదు, పల్నాడు మొత్తానికీ తెలుసు. పదిహేను రోజుల కిందట కారంపూడి దాటాక ఈ పికప్ నడిరోడ్డున ఉన్నట్టుండి ఆగిపోయింది. లోపల పున్నారావు తమ్ముడు అమర్నాథ్ ఉన్నాడు. రెండు మోటారుసైకిళ్ల మీద వెంటాడుతున్న పగవాళ్లకు కావలసింది అదే. అద్దం పగలగొట్టి, జుట్టు పట్టుకుని బయటికి లాగి, గొడ్డళ్లతో నరికారు. మెడ మీద మూడు, తల మీద రెండు వేట్లు. ఇశ్రాయేలు దుక్కిచేలకు అడ్డంపడి పరుగెత్తి బతికాడు. నరికినవాళ్లు జైల్లో ఉన్నారు. పున్నారావు చేతికి అందినవాడు ఇతనొక్కడే. వీడే పగవాళ్లకు అమ్ముడుపోయి, బండిలో ఏదో తీగ కోసి పెట్టాడని అతని నమ్మకం.

"పెట్టె తగిలించు సుభానీ. వీడు కోశాడని నువ్వొక్క మాట చెప్పు. ఈడనే తేల్చేస్తా," అన్నాడు పున్నారావు.

ఇశ్రాయేలు తలెత్తి, అది దానంతటదే ఆగిందని గొణిగాడు. ఆ మాట పూర్తికాకముందే ఒకడు వీల్ స్పానర్‌తో అతని మోకాలి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు షెడ్డంతా వినిపించింది. ఇశ్రాయేలు అరిచిన అరుపుకు నాపరాళ్ల డిపోలో పనివాళ్లు రాళ్లు కోసే మిషన్ ఆపి, భయపడి మళ్లీ వేశారు.

సుభానీ డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. పక్క సీటు కవరు అమర్నాథ్ నెత్తురుతో అట్టకట్టి ఉంది. స్కానర్ తగిలించి తాళం తిప్పాడు. కోడు పడింది. ఇంజన్ తిరుగుడును పసిగట్టే సెన్సార్ తీగది. అది తెగితే ఇంజన్ టక్కున ఆగిపోతుంది. పున్నారావు అనుకున్నది సగం నిజమే. సుభానీ రెండో అంకె చూశాడు, నాలుగు వేల రెండు వందల అరవై. మీటరు బోర్డులో లైటు మాత్రం కనబడలేదు. అది ఉండాల్సిన చోట, తిరునాళ్లలో అమ్మే చెన్నకేశవస్వామి బొమ్మ స్టిక్కరు అంటించి ఉంది.

ఊరుకుంటే తన ప్రాణానికి ఢోకా లేదు. తల ఒక్కసారి ఊపితే చాలు. అది ఎలా ఊపాలో అతనికి బాగా తెలుసు. సైదులు చెయ్యి రోడ్డు మీద దుమ్ములో పడి ఉండటం కళ్ల ముందు కదిలింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"లైటు వెలిగినాక ఈ బండి నాలుగు వేల కిలోమీటర్ల పైన తిరిగిందన్నా. ఈ పిల్లోడు మీ దగ్గర ఎప్పుడు చేరాడు?"

అమర్నాథ్ పోవడానికి మూడు వారాల ముందు చేరాడని మనుషుల్లో ఒకడు నోరు జారాడు. రోజుకు డెబ్బై కిలోమీటర్లు తిరిగే బండి అది. నాలుగు వేలంటే రెండు నెలలు. అంటే ఇశ్రాయేలు ఆ స్టీరింగ్ పట్టుకోకముందే తీగ చెడడం మొదలైంది. ఈ మాట సుభానీ విడమర్చి చెప్పినా పున్నారావు చెవికెక్కలేదు. సుభానీ దిగి, బానెట్ ఎత్తి, తీగ పట్టుకుని చూపించాడు. కత్తితో కోస్తే కోత నున్నగా ఉంటుందని, ఇది ఇనప క్లాంపుకు నెలల తరబడి ఒరుసుకుని పోగు పోగుగా తెగిందని చెబుతున్నాడు. చెయ్యి లోపల ఉండగానే పున్నారావు బానెట్‌ను దభాలున కిందికి కొట్టాడు. కొట్టి, దాని మీద తన బరువంతా మోపాడు.

"ఇప్పుడు చెప్పు. ఎవడు కోశాడు?"

సుభానీ వేళ్లు లోపల నలిగిపోతున్నాయి. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"ఎవడూ కొయ్యలా. చెయ్యి తీసేసినా అదే చెప్తా. ఆ సామి బొమ్మ కింద ఏముందో చూడన్నా. నేను ముట్టుకోను, నువ్వే తియ్యి."

పున్నారావు బానెట్ వదిలి, తలుపు తీసి లోపలికి వంగాడు. స్టిక్కరు మీద వేలు పెట్టి, అలాగే ఆగిపోయాడు. చాలాసేపటికి గోటితో గీరి ఊడబెరికాడు. కింద పసుప్పచ్చ లైటు వెలుగుతోంది.

"తిరునాళ్లప్పుడు నేనే అంటించా," అన్నాడు, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. "పాత డ్రైవరు బండి షెడ్డుకు పంపమన్నాడు. మిరపకాయలు మార్కెట్ యార్డుకు పోవాలి, కుదరదన్నా. లైటు కళ్లల్లో పొడుస్తందంటే, సామి చూసుకుంటాళ్లే అని ఇది అంటించా."

ఆ తర్వాత అతను పిడికిలితో మీటరు బోర్డును గుద్దడం మొదలుపెట్టాడు. అద్దం పగిలి ముక్కలు వేళ్లలో దిగుతున్నా ఆపలేదు. తమ్ముడి పేరు పిలుస్తూ స్టీరింగ్‌కేసి తల బాదుకున్నాడు. నుదురు చిట్లి నెత్తురు ఆ పక్క సీటు మీదికే కారింది. మనుషులు పట్టుకోబోతే ఒకడి దవడ పగలగొట్టాడు. చివరికి దిగి, ఇశ్రాయేలు కట్లు విప్పమన్నాడు. సుభానీ వైపు గానీ, ఆ కుర్రవాడి వైపు గానీ చూడకుండా ట్రాక్టరెక్కి వెళ్లిపోయాడు. బండి షెడ్డులోనే ఉండిపోయింది.

నరసరావుపేట ఆసుపత్రిలో ఇశ్రాయేలు కాలికి రాడ్డు వేశారు. సుభానీ కుడిచేతికి మూడు వేళ్లు తీసేశారు. అబిదా పది రోజులు ఏడ్చి, పదకొండో రోజున భర్తకు ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం నేర్పింది.

నెల తర్వాత సుభానీ షెడ్డుకు బయలుదేరి, బస్టాండు దగ్గర ఆగాడు. టీ ఇమ్మన్నాడు. సైదులు ఎడమచేత్తో గ్లాసు అందించాడు, సుభానీ ఎడమచేత్తో అందుకున్నాడు.

"ఆనాడు జీపు పైపు ఎవరూ కొయ్యలేదు సైదులన్నా. తుప్పు పట్టి పగిలింది. తెలిసే తలూపాను."

సైదులు ఆ గ్లాసు లాక్కుని, పొగలు కక్కుతున్న టీ అతని ముఖాన కొట్టాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్లు లేచిపోయారు. సుభానీ చెంప బొబ్బలెక్కుతోంది, తుడుచుకోలేదు, కదల్లేదు. సైదులు రొప్పుతూ అతని కట్టు కట్టిన చేతిని చాలాసేపు చూశాడు. తర్వాత అదే గ్లాసు కడిగి, మళ్లీ నింపి, బల్ల మీద పెట్టాడు.

సుభానీ కూర్చుని ఆ టీ తాగాడు.