నవ్వురాని సినిమా

వీధి వీధంతా ఆమెను కత్తెరమ్మ అనేవారు. అరవై ఒకటో ఏట కూడా సూదిలో దారం ఒక్క ఊపులో ఎక్కించేది. మాట అంతకన్నా పదును. భర్త పోయి పంతొమ్మిదేళ్ళు. కుట్టుమిషన్ మీదే ఇద్దరు పిల్లల్ని ఒడ్డున పడేసింది.

ఎదుటి సందులో పుస్తకాలకు బైండింగ్ చేసే ఆయనంటే ఆమెకు ఇష్టం. ఏడేళ్ళు చిన్నవాడు, ఒంటరివాడు. కాలరు తిప్పి కుట్టమని చొక్కా తెచ్చి ఆయన కాసేపు కూర్చుని మాట్లాడిన రోజు, ఆమె ఒక గౌనుకు రెండూ ఎడమచేతులే కుట్టింది. సంగతి కనిపెట్టింది చెల్లెలొక్కతే.

"అక్కా, పెద్దావిడ ప్రేమలో పడే సినిమా వచ్చింది. కడుపుబ్బ నవ్వొచ్చట," అని ఆదివారం మ్యాటినీకి లాక్కెళ్ళింది.

తన మనసులో మాటే ఎవరో తెరకెక్కించారనుకుని కత్తెరమ్మ ఆశగా కూర్చుంది. తెరమీద పెద్దావిడ జుట్టుకు రంగేసుకుంది, హాలు నవ్వింది. ఎత్తుమడమల చెప్పులతో బురదలో పడింది, ఇంకా నవ్వింది. చివరికి మనసుపడ్డ మనిషిని ఓ పడుచుపిల్లకు అప్పగించి, బుద్ధొచ్చిందంటూ మనవల దగ్గరికి వెళ్ళిపోయింది. చప్పట్లు.

"బుద్ధి రావడానికి ఆవిడ చేసిన తప్పేంటి?" కత్తెరమ్మ గట్టిగానే అంది. ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగారు.

"ఊరుకో అక్కా, పరువు తీయకు!"

"పరువు తీసింది నేనా, వాళ్ళా? రెండున్నర గంటల్లో ఆవిడను ఒక్క మాటైనా తిన్నగా చెప్పనిచ్చారా?"

మర్నాడు పొద్దున్నే ఆమె బైండింగ్ గదికి వెళ్ళింది. ఆయన చేతులనిండా జిగురు.

"మీరంటే నాకు ఇష్టమండీ. నవ్వులాటకు అనడం లేదు. చెప్పాలనిపించింది, చెప్పాను."

ఆయన కుంచె కింద పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "మీరంటే గౌరవమండీ. అంతకుమించి నా మనసులో లేదు. కానీ నాతో ఈ మాట అన్నవాళ్ళు ఇంతవరకూ లేరు."

ఆయన నవ్వలేదు. ఆమె కొంగు సర్దుకుంది. "లేకపోతే లేదు. చొక్కాలు మాత్రం వేరేచోట ఇవ్వకండి," అని తల ఎత్తుకునే బయటికొచ్చింది.

విని చెల్లెలు నెత్తీ నోరూ కొట్టుకుంది. "నలుగురూ ఏమనుకుంటారక్కా?"

"ఆ నలుగురూ నిన్న టిక్కెట్టు కొనుక్కుని మరీ నవ్వారు. ఇవాళ ఊరికే నవ్వుకోమను."

ఆ వారమంతా కత్తెరమ్మ కళ్ళు ఉబ్బే ఉన్నాయి. ఎవరైనా ఏమైందని అడిగితే నలతగా ఉందని బొంకలేదు. "ఒకాయన్ని ఇష్టపడ్డాను, కాదన్నాడు," అని చెప్పి, టేపు తీసి, "చేతులు చాపండి, కొలత తీసుకోవాలి," అనేది.