అటెండెంటు లేనిదే అడ్మిషన్ లేదు

మా ఎలిజబెత్ సిస్టర్‌కి ఉన్నది ఒక్కటే పిచ్చి. వెంట అటెండెంటు లేని కుక్కను ఆమె చేర్చుకోదు.

నరసరావుపేటలో వినుకొండ రోడ్డు పక్కన మూతబడ్డ పత్తి గోడౌను అద్దెకు తీసుకుని ఆమె వీధికుక్కల ఆసుపత్రి నడుపుతోంది. ముప్పయ్యేళ్లు సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది గానీ, ఆ సంగతి ఆమెకు ఎవరూ సరిగా చెప్పినట్టు లేదు. తెల్లచీర అలాగే ఉంది, గొంతు అలాగే ఉంది. కుక్కలకు పేర్లుండవు, బెడ్ నంబర్లుంటాయి. బెడ్ అంటే యూరియా గోతం. ఇరవై కుక్కలు పట్టే చోట అరవై ఉన్నాయి. నేను ఆర్టీసీ కండక్టరుగా చేసినవాణ్ణి. శివరాత్రికి కోటప్పకొండ పోయే బస్సులో కూడా ఇంతకన్నా సుఖంగా నిలబడొచ్చు.

తెల్లారేసరికి గేటు ముందు సిమెంటు సంచిలో కుక్కపిల్లలు కుయ్యోమంటుంటాయి. పొయ్యి మీద డేక్సాలో కోడి మెడలూ నూకలూ అడుగంటుతుంటాయి. ఈలోగా ఫోను.

"సిస్టరూ, మా వీధిలో కుక్కకి పుండులో పురుగులు పడ్డాయి. వచ్చి తీసుకుపోండి."

"అటెండెంటు ఎవరు?"

"కుక్కకి అటెండెంటేంది?"

"మరి సెలైన్ అయిపోతే నన్నెవరు పిలుస్తారు? కుక్క పిలుస్తదా?"

అవతలివాళ్లు ఫోను పెట్టేస్తారు. ఆమె మళ్లీ చేస్తుంది. మళ్లీ పెట్టేస్తారు, మళ్లీ చేస్తుంది. చివరికి ఆ మనిషి కుక్కను ఎత్తుకుని తనే వచ్చి, సాయంత్రానికి చీపురు పట్టుకుని గోడౌను కడుగుతూ కనిపిస్తాడు.

నేను ఇరుక్కున్న తీరు అంతకన్నా అన్యాయం. రిటైరయ్యాక తోచక రోజూ బస్టాండుకు పోయి బెంచీ మీద కూర్చునేవాణ్ణి. ఒకరోజు సిస్టర్ వచ్చి నా ఎదుట నిలబడింది.

"ఈ పేషెంటు నీదేనా అన్నా?"

వంగి చూస్తే బెంచీ కింద కాలు విరిగిన నల్లకుక్క ఒకటి ఉంది.

"నాది కాదమ్మా. దాని మొహం ఇప్పుడే చూడటం."

"నీ కాళ్ల కాడే పడుకుందిగా. పద, ఆటోలో తీరిగ్గా చూద్దువు."

అలా నేను పన్నెండో బెడ్‌కి అటెండెంటునయ్యాను. దాని కాలు అతుక్కుంది, ఇప్పుడు లేడిలా ఉరుకుతోంది. ఇక నేను పోవచ్చా అని అడిగితే, "డిశ్చార్జి పేషెంటుకి ఇచ్చా, నీకు కాదు" అంది.

గోడౌను పక్కింట్లో ఒక మాజీ సర్పంచి ఉంటాడు. గురజాల వైపు పల్లెలో పాతికేళ్లు చక్రం తిప్పినవాడు. ఈ అరుపులేమిటో తేల్చుకుంటానని ఇస్త్రీ నలగని ఖద్దరు చొక్కాతో కారేసుకుని వచ్చాడు. పక్కింటికి కారెందుకంటే, నడిచి వస్తే ఏం మర్యాద? ఆయన దిగీ దిగగానే సిస్టర్ కారు కిందికి తొంగి చూసింది. గజ్జి పట్టిన కుక్కపిల్ల ఒకటి చక్రం పక్కన వణుకుతోంది.

"పేషెంటుని కారులో తెచ్చావా? మంచి పని చేశావు."

"నేను తేలేదు. నేనెవరో తెలుసా నీకు?"

"తెలుసు. అటెండెంటువి. చొక్కా చేతులు మడువు."

ఇప్పుడాయన రోజూ కుక్కలకు గంధకం మందు పూస్తూ రాజకీయాలు చెబుతుంటాడు. ఓటర్ల కన్నా ఇవే నయమట, పెట్టింది తిని తోక ఊపుతాయి.

వారానికోసారి పశువుల డాక్టరు వస్తాడు. ఆయన గేటు దాటగానే సిస్టర్, "రౌండ్స్! అటెండెంట్లంతా బయటికి!" అని కేక వేస్తుంది. మేం బయటికొస్తాం. కుక్కను పట్టుకునేవాళ్లు లేక సూది డాక్టరు బొటనవేల్లోనే దిగబోతుంది. "అటెండెంట్లు యాడ చచ్చారు?" అని లోపల్నించి ఇంకో కేక. మేం లోపలికి పోతాం. ఇది ప్రతి వారం జరుగుతుంది, ఆమె పద్ధతి మాత్రం మారదు.

మొన్న వానల్లో, నలభయ్యో బెడ్ వారు కాళ్ల మధ్య దూరడంతో సిస్టర్ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. కుక్కలు తిరిగే ట్రాలీ ఆటోలోనే పడుకోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. తోలింది మెకానిక్ జుబేర్, అతనూ మాలాగే అటెండెంటు. దారిపొడుగునా ఆమె పొయ్యి ఆర్పారా లేదా అని మమ్మల్ని తిట్టింది.

డాక్టరు చూసి ఆపరేషన్ వెంటనే చెయ్యాలన్నాడు, ఆ తర్వాత నెలన్నర పక్కన మనిషి ఉండాల్సిందేనన్నాడు. అప్పుడు డ్యూటీ నర్సు అడిగింది.

"పేషెంటుకి అటెండెంటు ఎవరు?"

మా సిస్టర్ కొంగు సర్దుకుంది. రోజూ తను అందర్నీ అడిగే ప్రశ్నే అది. ఆమెకు నా అన్నవాళ్లు ఎవరున్నారో మేమెప్పుడూ అడగలేదు.

"ఎవరూ లేరమ్మా. ఇంకోసారి చూద్దాంలే, నన్ను గోడౌను కాడ దింపండి" అని లేవబోయింది.

"ఎవరూ లేకపోడమేంది? నేను లేనా?" అంది పార్వతమ్మ. ఇడ్లీల బండి ఆమెది, ఇరవయ్యో బెడ్ అటెండెంటు.

"నేనుంటా" అన్నాడు జుబేర్.

"మీకు బేరాలున్నాయి. నాకేం పనుంది?" అన్నాడు సర్పంచి.

సెక్యూరిటీ గార్డు అడ్డం వచ్చాడు. "ఒక పేషెంటుకి ఒక్కరే."

ఇంక చూడాలి తమాషా. వరండాలో సీనియారిటీ పంచాయితీ మొదలైంది.

"నేను అందరికన్నా పాత. కుక్కను తేకపోయినా చేరినోణ్ణి" అన్నాడు జుబేర్.

"నువ్వూ తేలేదా?" అన్నాను.

"లేదన్నా. అన్నదమ్ములతో గొడవై షాపులో ఒక్కణ్ణే పడుకునే రోజుల్లో వచ్చి, షట్టర్ కాడ కుక్క నీదేనా అంది."

"మా ఆయన పోయినాక తలుపు తియ్యకుండా కూర్చుంటే, గుమ్మంలో కుక్కపిల్లల్ని పెట్టింది నువ్వేనా అని నన్ను దబాయించింది" అంది పార్వతమ్మ.

సర్పంచి గొంతు తగ్గించాడు. "ఎలక్షన్‌లో ఓడినాక నా గడప తొక్కినోడు లేడు. ఆ కారు కింద కుక్క నిజంగా నాది కాదు."

నాకు బస్టాండు బెంచీ గుర్తొచ్చింది. గార్డు వారిస్తున్నా అందరం కలిసి మంచం దగ్గరికి పోయాం.

"సిస్టరూ, మాలో ఎవరమూ కుక్కని తేలేదంట గదా?"

"తెలుసు." ఆమె గోడవైపు తిరిగింది. "కుక్కని పట్టుకోటానికి నాకు మనిషి కావాలి. పట్టుకోటానికి మీకూ ఏదోటి కావాలి. ఎవరికేం నష్టం?"

మేం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఆ ముసలి గయ్యాళి మీద అంత ప్రేమ నాకెప్పుడూ పుట్టలేదు. ఆమె మాత్రం చటుక్కున ఇటు తిరిగింది.

"అందరూ ఈడుంటే ఆడ మందులెవరు వేస్తారు? పార్వతమ్మా, నువ్వుండు. మిగతావాళ్లు కదలండి."

పార్వతమ్మ స్టూలు లాక్కుని దర్జాగా కూర్చుంది. మేం కదలబోతుంటే సిస్టర్ చూపు గార్డు మీద పడింది. ఆయన గుమ్మం పక్కన నిలబడి ఒంటరిగా క్యారేజీ విప్పుకుంటున్నాడు.

"క్యారేజీ ఎవరు కట్టారు అన్నా?"

"నేనేనమ్మా. ఇంట్లో ఎవరుంటారు?"

మేం నలుగురం ఆయనవైపు జాలిగా చూశాం. ఆయనకేం అర్థం కాలేదు.

"వచ్చేటప్పుడు చూశా. మీ గేటు కాడ ఒక కుక్క కుంటుతోంది" అంది సిస్టర్. "అది నీదేనా?"

"నాది కాదమ్మా" అన్నాడు పాపం.

జుబేర్ అప్పటికే జేబులోంచి ఆటో తాళాలు తీశాడు.